వేడెక్కిన అవుట్‌బోర్డ్ మోటారు: కారణాన్ని కనుగొనే క్రమం

భీమునిపట్నం, ఉప్పాడ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం మొదలైన తీరప్రాంతాలలో ఫైబర్ తెప్పలకు, చిన్న పడవలకు అవుట్‌బోర్డ్ మోటార్లు అమర్చుకొని వేటకు వెళ్లే మత్స్యకార సోదరులు అనేకులు ఉన్నారు. పడవ, వల, మోటారు ఈ మూడింటిలో త్వరగా చెడిపోయేది, చెడినప్పుడు ఎక్కువ ఖర్చు పెట్టించేది మోటారే. మోటారుకు కలిగే నష్టాలలో కెల్లా పెద్దది అది మితిమీరి వేడెక్కి పిస్టన్ పట్టివేయడం. దీనినే మెకానిక్కులు ‘సీజ్ అయింది’ అంటారు. వేట ఆగిపోయినా రుణ వాయిదా ఆగదు. అందువలన ఈ విషయం మోటారు నడిపే వారికి ఎంత ముఖ్యమో, రుణం పొందిన కుటుంబానికి, మోటారు అమ్మిన డీలరుకు కూడా అంతే ముఖ్యం.

మోటారు వేడెక్కినదని తెలియగానే ఇంజను విప్పించడం, లేదా చేతికి దొరికిన విడిభాగాన్ని మార్చివేయడం చాలాచోట్ల కనిపించే అలవాటు. ఇది సరియైన పద్ధతి కాదు. వేడి అనేది జ్వరం వంటిది. అది వ్యాధి కాదు, వ్యాధి లక్షణం మాత్రమే. కారణాలు పది ఉండవచ్చును. వాటిలో ఎక్కువ భాగం నీరు లోనికి రాకపోవడానికి, లేదా వచ్చిన నీరు సక్రమంగా ప్రవహించకపోవడానికి సంబంధించినవే. కాబట్టి నీరు వెళ్లే దారి వెంట క్రింది నుండి పైకి, ఖర్చు లేని పరీక్ష నుండి ఖర్చుతో కూడిన పరీక్షకు వెళ్లవలెను. ఈ పాఠం యొక్క సారాంశం ఇదే.

మోటారు చల్లబడే విధానం

కారుకు, ట్రాక్టరుకు ఉన్నట్లు అవుట్‌బోర్డ్ మోటారుకు రేడియేటరు ఉండదు. పడవ తేలుతున్న నీటినే అది పైకి తోడుకొని, ఇంజనును చల్లబరచుకొని, తిరిగి బయటకు వదలివేస్తుంది. ఆ నీటి ప్రయాణంలో ఆరు మజిలీలు ఉన్నాయి.

మొదటిది, ప్రొపెల్లరుకు పైభాగాన గేరు కేసుకు పక్కల ఉండే జల్లెడ వంటి నీటి ప్రవేశ ద్వారం. రెండవది, దానికి పైన నిలువు షాఫ్టుపై బిగించిన నీటి పంపు. ఇందులో రబ్బరు రెక్కలు గల చిన్న చక్రం ఉంటుంది. దీనిని ఇంపెల్లర్ అంటారు. మూడవది, పంపు నుండి ఇంజను వరకు నీటిని తీసుకొని వెళ్లే సన్నని గొట్టం. నాల్గవది, సిలిండరు చుట్టూ, సిలిండరు హెడ్డులోను ఉండే నీటి కాలువలు. అయిదవది, థర్మోస్టాట్. ఇంజను తగినంత వెచ్చబడే వరకు ఇది మూసుకొని ఉండి, తరువాత తెరచుకొని నీటిని వదలుతుంది. ఆరవది, నీరు బయటకు వెళ్లే మార్గం. ఎక్కువ నీరు పొగతో కలిసి క్రిందికి పోతుంది. కొద్ది నీరు మాత్రం మోటారు వెనుక లేదా పక్క భాగాన ఉన్న చిన్న రంధ్రం నుండి సన్నని ధారగా బయటకు చిమ్ముతుంది. ఈ పాఠంలో దీనిని ‘సూచిక ధార’ అని పిలుచుకుందాం.

సూచిక ధార మోటారు యొక్క నాడి వంటిది. మోటారు స్టార్టు చేసిన వెంటనే కన్ను ముందుగా దానిపై పడవలెను. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవలెను. ధార వస్తున్నదంటే పంపు నీటిని తోడుతున్నదని మాత్రమే అర్థం. ఇంజనులోని అన్ని కాలువలలోను నీరు తిరుగుతున్నదని దానివలన రుజువు కాదు.

వేడెక్కినట్లు తెలిపే గుర్తులు

సూచిక ధార సన్నబడడం, విడివిడిగా తుంపరలుగా రావడం, లేదా పూర్తిగా ఆగిపోవడం మొదటి గుర్తు. ధార నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉండడం, ఆవిరి రావడం రెండవది. మోటారు బలం తగ్గి దానంతట అదే వేగం మందగించడం మూడవది. కాలిన పెయింటు లేక రబ్బరు వాసన నాల్గవది. హెచ్చరిక బజరు, ఎర్ర దీపం ఉన్న మోటార్లలో అవి పనిచేయడం అయిదవది. కొన్ని మోటార్లలో వేడి హద్దు మీరినప్పుడు వేగం తనంతట తానే తగ్గిపోయే ఏర్పాటు ఉంటుంది. దానిని పెట్రోలు లోపమని భావించి మరింత యాక్సిలరేటరు తిప్పడం ప్రమాదకరం. చిన్న మోటార్లలో అనేకం ఏ హెచ్చరికా లేనివే. వాటికి నడిపే వాని కన్నే బజరు.

సముద్రంలో ఉన్నప్పుడు తక్షణం చేయవలసినది

1. వేగాన్ని పూర్తిగా తగ్గించి సూచిక ధారను చూడవలెను. ధార లేకపోతే వెంటనే మోటారును ఆపవలెను. ‘ఒడ్డు దగ్గరలోనే ఉన్నది, వెళ్లిపోదాం’ అనే ఆలోచన వలననే ఇంజన్లు పోతున్నాయి. నీరు లేకుండా నడిస్తే ముందు రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది, ఆ తరువాత పిస్టన్ పట్టివేస్తుంది.

2. పడవ కొట్టుకొనిపోకుండా లంగరు వేయవలెను. అలలు విరిగే చోట మోటారుపైకి వంగి పనిచేయరాదు.

3. అత్యవసర స్విచ్చి తాడును తీసివేసి, మోటారును పైకి ఎత్తి, నీటి ప్రవేశ ద్వారాన్ని చూడవలెను. ప్లాస్టిక్ సంచి, నాచు, వలపీలిక అడ్డుపడి ఉంటే తొలగించవలెను.

4. వేడి ఇంజనుపై చన్నీళ్లు కుమ్మరించరాదు. అకస్మాత్తుగా చల్లబడిన లోహం పగిలే ప్రమాదం ఉన్నది. పై మూత తీసి, గాలి తగలనిచ్చి, చేయి ఆనించగలిగేటంత చల్లబడే వరకు వేచి ఉండవలెను.

5. తిరిగి స్టార్టు చేసినప్పుడు ధార బలంగా వస్తే నెమ్మదిగా ఒడ్డుకు చేరవలెను. ధార రాకపోతే మరల మరల ప్రయత్నించక, తోటి పడవల సాయం కోరవలెను. ప్రమాద స్థితి ఏర్పడితే భారత తీర రక్షక దళానికి 1554 నంబరుపై తెలియజేయవచ్చును.

ఒడ్డున చేయవలసిన పరీక్షల క్రమం

పరీక్షకు ముందు మోటారును మంచినీటి డ్రమ్ములో నిలిపి నడపవలెను. నీటి మట్టం ప్రవేశ ద్వారానికి, ప్రొపెల్లరు పైనుండే వెడల్పాటి పలకకు పైగా ఉండవలెను. గేరు న్యూట్రల్‌లో ఉంచి, వీలైతే ప్రొపెల్లరును విప్పివేయవలెను. మోటారును నీరు లేకుండా ‘ఒక్కసారి చూద్దాం’ అని స్టార్టు చేయడం ఎన్నటికీ తగదు.

మొదటి పరీక్ష - ప్రవేశ ద్వారం. జల్లెడ కన్నాలలో ఇసుక, బురద, గుల్లలు పట్టి ఉంటే శుభ్రపరచవలెను. గోదావరి, కృష్ణ మొగల వద్ద వరదనీటితో వచ్చే ఒండ్రు, ఇసుక తీరం నుండి పడవను దింపేటప్పుడు లోతు తక్కువ నీటిలో లేచే ఇసుక ఈ కన్నాలను పూడ్చడమే కాక లోపల ఇంపెల్లర్‌ను కూడా అరగదీస్తాయి.

రెండవ పరీక్ష - సూచిక రంధ్రం. ఇంజను చల్లగానే ఉండి ధార మాత్రం రాకపోతే, ఆ రంధ్రమే ఉప్పుతోనో ఇసుకతోనో మూసుకొని ఉండవచ్చును. గేలపు నైలాన్ దారపు ముక్కతో దానిని శుభ్రపరచవలెను. రంధ్రానికి వచ్చే చిన్న గొట్టాన్ని ఊడదీసి చూస్తే నీరు బలంగా చిమ్మినట్లయితే పంపులో దోషం లేదని తేలుతుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

మూడవ పరీక్ష - మోటారు అమరిక. ప్రొపెల్లరు పైనుండే పలక పడవ అడుగుతో సమానంగా గాని, 25 మిల్లీమీటర్ల వరకు క్రిందుగా గాని ఉండవలెను. మోటారు ఎత్తుగా బిగిస్తే అలలపై పడవ లేచినప్పుడల్లా ప్రవేశ ద్వారం నీటి బయటకు వచ్చి గాలిని పీల్చుకుంటుంది. ఖాళీ పడవలో వేడెక్కి, చేపలతో బరువుగా తిరిగి వచ్చేటప్పుడు చక్కగా నడిచే మోటారు విషయంలో ముందుగా ఈ లోపాన్నే అనుమానించవలెను.

నాల్గవ పరీక్ష - ఇంపెల్లర్. క్రింది గేరు భాగాన్ని విప్పితే పంపు కనిపిస్తుంది. ఇంపెల్లర్ రెక్కలు ఒకే వైపునకు వంగి బిగుసుకొని ఉన్నా, అంచులు అరిగినా, మొదళ్ల వద్ద పగుళ్లు ఉన్నా దానిని మార్చవలెను. రెక్క ముక్క ఏదైనా విరిగిపోయి ఉంటే, ఆ ముక్క దొరికే వరకు వెదకవలెను. లేకపోతే అది పైకి వెళ్లి గొట్టంలోనో, కాలువలోనో అడ్డుపడుతుంది. ఇంపెల్లర్‌ను షాఫ్టుతో కలిపి త్రిప్పే చిన్న తాళం ముక్క, అనగా ‘కీ’, సరిగా ఉన్నదా చూడవలెను. పంపు లోపలి గిన్నెలోను, అడుగు పలకపైన లోతైన గీతలు ఉంటే క్రొత్త ఇంపెల్లర్ వేసినా పంపు బలం తిరిగి రాదు. వాటిని కూడా మార్చవలసి ఉంటుంది.

అయిదవ పరీక్ష - నీటి గొట్టం. గేరు భాగాన్ని తిరిగి బిగించేటప్పుడు ఈ గొట్టం కొన పంపుపైనున్న రబ్బరు వాషరులో సరిగా కూర్చొనకపోతే నీరు మధ్యలోనే కారిపోతుంది. సర్వీసు చేయించిన మరునాడే మోటారు వేడెక్కితే ముందుగా చూడవలసిన చోటు ఇదే.

ఆరవ పరీక్ష - థర్మోస్టాట్. దానిని విప్పి, నీటి గిన్నెలో అడుగును తాకకుండా దారంతో వ్రేలాడదీసి, పక్కన ఉష్ణమాపకం ఉంచి నీటిని నెమ్మదిగా కాచవలెను. దానిపై ముద్రించిన, లేదా మోటారు పుస్తకంలో తెలిపిన ఉష్ణోగ్రత వద్ద అది తెరచుకొనవలెను. అవుట్‌బోర్డ్ మోటార్లలో ఇది సాధారణంగా 50 నుండి 60 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. తెరచుకొనకపోతే మార్చవలెను. కొందరు థర్మోస్టాట్‌ను పూర్తిగా తీసివేసి మోటారు నడుపుతారు. దీనివలన ఇంజను తగినంత వెచ్చబడక ఇంధనం సరిగా కాలదు, మసి పేరుకుంటుంది, ప్లగ్గులు చెడిపోతాయి. కిరోసిన్‌తో నడిచే మోటార్లకు ఇది మరింత హాని.

ఏడవ పరీక్ష - ఇంజను కాలువలు, హెడ్ గ్యాస్కెట్. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వేడి పెరిగిన కొద్దీ వాటిలోని కాల్షియం లవణాలు కాలువల గోడలకు పెచ్చుగా పట్టుకుంటాయి. ఒకసారి వేడెక్కిన మోటారు మరల మరల వేడెక్కడానికి ఇది ఒక కారణం. ఈ పెచ్చును తొలగించడానికి ఘాటైన ఆమ్లాలు వాడరాదు; అవి అల్యూమినియంను తినివేస్తాయి. సూచిక ధారలో నీటితోపాటు బుడగలు రావడం, స్పార్క్ ప్లగ్గు విప్పితే తడి లేక ఉప్పు కనిపించడం, ఒక సిలిండరులో కంప్రెషన్ తక్కువగా ఉండడం గ్యాస్కెట్ పోయినదనడానికి గుర్తులు. ఈ పని శిక్షణ పొందిన మెకానిక్కుకే అప్పగించవలెను.

నీరు సరిగా ఉన్నా వేడెక్కుతుంటే

నీటి మార్గమంతా బాగున్నప్పుడు దోషం ఇంధనంలోగాని, భారంలోగాని ఉండవచ్చును. టూ స్ట్రోక్ మోటారుకు పుస్తకంలో 50:1 నిష్పత్తి చెప్పబడి ఉంటే, 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల ఆయిలు కలపవలెను. చేతి అంచనాతో కాక, కొలపాత్రతోనే కలపవలెను. ఆయిలు డబ్బాపై ‘టి.సి.-డబ్ల్యు.3’ అను గుర్తు ఉన్నదే వాడవలెను. మోటారు సైకిలు ఆయిలు గాలితో చల్లబడే ఇంజన్ల కొరకు తయారైనది; నీటితో చల్లబడే మోటారుకు అది తగినది కాదు. ఫోర్ స్ట్రోక్ మోటార్లలో ఆయిలు మట్టాన్ని ప్రతిరోజు చూడవలెను.

కార్బురేటరులో చెత్త అడ్డుపడి ఇంధనం తక్కువగా అందినా పిస్టన్ వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్గు కొన తెల్లగా కాలి ఉండడం దీనికి గుర్తు. ఆరోగ్యంగా నడిచే మోటారులో అది లేత గోధుమ రంగులో ఉంటుంది. ప్రొపెల్లరు షాఫ్టుకు వలదారం చుట్టుకొనడం, పడవకు తగని పెద్ద ప్రొపెల్లరు అమర్చడం, మోటారు శక్తికి మించిన బరువు వేయడం కూడా ఇంజనుపై భారాన్ని పెంచుతాయి.

ఒకే లక్షణం, రెండు కారణాలు

ఒకే రేవులో రెండు పడవలు ఉన్నవనుకొనుడు. రెండు మోటార్లూ వేడెక్కుతున్నాయి. మొదటి మోటారు నెమ్మదిగా నడుస్తున్నప్పుడు వేడెక్కి, వేగం పెంచగానే చల్లబడుతున్నది. ఇంపెల్లర్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని రెక్కలు గిన్నె గోడకు ఒరుసుకుంటూ నీటిని నెట్టుతాయి. వేగం పెరిగినప్పుడు రెక్కలు వెనుకకు వంగి, తిరుగుడు బలం చేతనే నీరు విసరబడుతుంది. కాబట్టి తక్కువ వేగంలో వేడి కనిపిస్తే అరిగిన ఇంపెల్లర్‌ను ముందుగా అనుమానించవలెను.

రెండవ మోటారు నెమ్మదిగా నడిచినంతసేపు బాగుండి, పూర్తి వేగంలో వేడెక్కుతున్నది. దీనికి ఎక్కువ నీరు అవసరమైనప్పుడు అందడం లేదన్నమాట. సగం పూడిన ప్రవేశ ద్వారం, ఎత్తుగా బిగించిన మోటారు, ఉప్పు పెచ్చు కట్టిన కాలువలు, లేదా అధిక భారం ఇక్కడ కారణాలు కావచ్చును. ఇంపెల్లర్ కూడా కారణం కావచ్చును గాని, పై వాటిని చూసిన తరువాతనే దానిని విప్పవలెను.

ఈ ఇద్దరు యజమానులూ దుకాణానికి వెళ్లి ‘మోటారు వేడెక్కుతున్నది’ అని మాత్రమే చెబితే ఇద్దరికీ ఒకే విడిభాగం అంటగట్టబడవచ్చును. ఎప్పుడు వేడెక్కుతున్నది, ధార ఎట్లున్నది, ఇటీవల ఏ మరమ్మతు జరిగినది అను మూడు విషయాలు చెప్పగలిగితే సగం రోగనిర్ధారణ జరిగినట్లే.

నివారణ

వేట నుండి వచ్చిన తరువాత 10 నిమిషాలపాటు మోటారును మంచినీటి డ్రమ్ములో నడిపి లోపలి ఉప్పును కడిగివేయడం అన్నిటికంటె చౌకయైన బీమా. ప్రతిరోజు సాధ్యం కాని చోట వారానికి ఒకసారియైనా చేయవలెను. ఒక డ్రమ్మును రేవులోని నాలుగైదు పడవల వారు కలిసి ఏర్పాటు చేసుకొనవచ్చును.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధ కాలం. ఇంపెల్లర్ మార్చడానికి, థర్మోస్టాట్ పరీక్షించడానికి, గేరు ఆయిలు మార్చడానికి ఇంతకంటె అనువైన సమయం లేదు. నిషేధం ముగిసే వారంలో మెకానిక్కుల వద్ద రద్దీ ఎక్కువ. కాబట్టి మే నెలలోనే ఈ పని ముగించుకొనవలెను. ఒక ఇంపెల్లర్, ఒక కీ, ఒక జత ప్లగ్గులు ఎల్లప్పుడు ఇంట నిల్వ ఉంచుకొనవలెను.

డీలర్లకు సూచన

మోటారు అమ్మడానికి ముందు పడవ వెనుక పలక ఎత్తును కొలవవలెను. షాఫ్టు పొడవు సాధారణంగా 15 అంగుళాలు, 20 అంగుళాలు అని రెండు రకాలుగా లభిస్తుంది. పడవకు సరిపడని షాఫ్టు అమ్మితే, మొదటి రోజు నుండే వేడెక్కే మోటారును అమ్మినట్లే. అప్పగించే రోజున కొనుగోలుదారుకు మాత్రమే కాక, పడవ నడిపే వారందరికీ సూచిక ధారను చూపించి వివరించవలెను. నిషేధ కాలానికి ముందే ఇంపెల్లర్లు, గ్యాస్కెట్లు, థర్మోస్టాట్లు తెప్పించి ఉంచవలెను. మార్చిన పాత భాగాన్ని యజమాని చేతికి ఇవ్వడం, బిల్లుపై కారణాన్ని వ్రాయడం నమ్మకాన్ని పెంచుతాయి. ఒక మోటారు పదేళ్లు నడిస్తే ఆ రేవులో తరువాతి మోటారు కూడా ఆ డీలరు వద్దనే కొంటారు.

రుణం, మరమ్మతు నిధి

బ్యాంకు రుణంతో కొన్న మోటారు చెడిపోతే రుణగ్రహీతకు నష్టం మూడు విధాలుగా కలుగుతుంది: మరమ్మతు ఖర్చు, వేట లేని రోజుల ఆదాయ నష్టం, మీద పడే వడ్డీ. ఇందులో మొదటిది చాలావరకు అందరికీ కనిపిస్తుంది. మిగిలిన రెండూ లెక్కకు రావు. అందుచేత ప్రతి వేట రాబడి నుండి డీజిలుకో పెట్రోలుకో, ఐసుకో తీసిపెట్టినట్లే మోటారు కొరకు కొంత మొత్తం విడిగా పొదుపు ఖాతాలో వేయవలెను. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం 2018-19 నుండి మత్స్యకారులకు కూడా విస్తరింపబడినది. దీని ద్వారా ఇంధనం, ఐసు, కూలీ వంటి నిర్వహణ ఖర్చులకు స్వల్పకాలిక రుణం పొందవచ్చును. మోటారుకు పెద్ద మరమ్మతు అవసరమై వాయిదా చెల్లింపు కష్టమయ్యే పరిస్థితి వస్తే, వాయిదా తేదీ దాటక మునుపే మెకానిక్కు అంచనా పత్రంతో బ్యాంకు శాఖను కలవడం మేలు. దాటిన తరువాత చెప్పే కారణం కంటె ముందు చెప్పిన కారణానికి విలువ ఎక్కువ.

మోటార్ల నిర్వహణలో శిక్షణ కోరే యువకులు కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థను, విశాఖపట్నంలోని సిఫ్‌నెట్ కేంద్రాన్ని సంప్రదించవచ్చును. రేవుకు ఒక్క శిక్షితుడు ఉన్నా ఆ రేవులోని మోటార్లన్నిటికీ రక్షణే.

గుర్తుంచుకొనవలసినవి

- స్టార్టు చేయగానే సూచిక ధారను చూడవలెను. ధార ఆగితే మోటారు ఆగవలెను.
- క్రింది నుండి పైకి, ఖర్చు లేని పరీక్ష నుండి ఖర్చు గల పరీక్షకు వెళ్లవలెను.
- ధార ఉన్నంత మాత్రాన ఇంజను క్షేమమని భావించరాదు.
- వేడి ఇంజనుపై చన్నీళ్లు పోయరాదు. నీరు లేకుండా మోటారు నడపరాదు.
- మంచినీటితో కడగడం, నిషేధ కాలంలో సర్వీసు చేయించడం మానరాదు.

అభ్యాసం

1. మీ మోటారుకు నీటి ప్రవేశ ద్వారం, సూచిక రంధ్రం ఎక్కడెక్కడ ఉన్నాయో పడవపై పనిచేసే ప్రతి ఒక్కరూ చూపగలరా?
2. ఖాళీ పడవలో మాత్రమే వేడెక్కే మోటారుకు ముందుగా ఏమి పరీక్షించవలెను?
3. మీ మోటారు ఇంపెల్లర్‌ను చివరిసారి ఎప్పుడు మార్చినారు? తేదీ వ్రాసి ఉన్నదా?

మూడవ ప్రశ్నకు సమాధానం దొరకని వారు ఈ వారమే ఒక చిన్న పుస్తకం ప్రారంభించి, మోటారుకు చేసిన ప్రతి పనినీ తేదీతో వ్రాయుట మొదలుపెట్టవలెను. ఆ పుస్తకం మెకానిక్కుకు దారి చూపుతుంది, డీలరుతో మాట్లాడేటప్పుడు సాక్ష్యంగా నిలుస్తుంది, బ్యాంకు అధికారికి మీ శ్రద్ధను తెలుపుతుంది.